కత్సురెన్ కోట రోమన్ నాణేలు

జపాన్ దక్షిణపు కొసన ఉన్న ఒకినావా దీవిలో, ఉరుమా నగర పరిధిలోని కత్సురెన్ కోట శిథిలాల్లో బయటపడిన రాగి నాణేలివి. 2013 నాటి తవ్వకాల్లో పది నాణేలు దొరికాయి. వాటిలో నాలుగు క్రీ.శ. 3, 4 శతాబ్దాల రోమన్ సామ్రాజ్యానివనీ, ఒకటి 17వ శతాబ్దపు ఒట్టోమన్ తుర్కులదనీ ఉరుమా నగర విద్యామండలి 2016 సెప్టెంబరులో ప్రకటించింది. జపాన్ గడ్డ మీద తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరకడం అదే మొదలు. ఆ వారం ప్రపంచ పత్రికలన్నీ ఈ వార్తను మోశాయి. రోమ్‌కూ జపాన్‌కూ పూర్వం రాకపోకలుండేవా అన్న ప్రశ్న చాలా శీర్షికలకెక్కింది. ఆ ప్రశ్నకు ఈ నాణేలు ఇచ్చే జవాబు మాత్రం పత్రికలు ఆశించినంత పెద్దది కాదు. నాణెం మీది ముఖం అది ఎప్పుడు అచ్చయిందో చెబుతుంది. ఎప్పుడు ప్రయాణమైంది, ఎవరి చేతిలో వచ్చింది, ఎప్పుడు మట్టిలో పడింది అన్నవి చెప్పాల్సింది మట్టి పొర, పక్కన దొరికిన వస్తువులు.

కోట

ఒకినావాలో కోటను గుసుకు అంటారు. తూర్పు తీరాన సముద్రంలోకి చొచ్చుకుపోయిన ద్వీపకల్పం మీద, దాదాపు వంద మీటర్ల ఎత్తున్న గుట్టను అయిదు ప్రాకారాలుగా మలిచి కత్సురెన్ గుసుకును కట్టారు. గోడలకు వాడింది అక్కడి పగడపు సున్నపురాయి. గోడలు గీత గీసినట్టు తిన్నగా పోకుండా కొండ వంపును బట్టి మెలికలు తిరుగుతాయి. పైనుంచి చూస్తే మూడు పక్కలా నీళ్లు కనిపిస్తాయి. ఓడల మీద బతికిన దొరలకు ఇంతకంటే అనువైన చోటు దొరకదు.

12వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా ఇది స్థానిక ప్రభువుల స్థావరం. వీళ్లను అజి అనేవారు. చైనా పింగాణీ పెంకులు ఇక్కడ విస్తారంగా దొరికాయి. యువాన్ వంశపు కాలం నాటి నీలి-తెలుపు పింగాణీ కూడా వాటిలో ఉంది. కోటలో పెంకుటిళ్లు ఉండేవనడానికి పైకప్పు పెంకులే ఆధారం. ఒకినావాలో అలాంటి వైభవం ఉన్న కోటలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఒకినావా దీవులను ఏలిన ర్యూక్యూ రాజ్యపు పాటల సంకలనం ‘ఒమోరో సోషి’ ఈ ఊరిని జపాన్ ప్రధాన భూభాగపు కామకురా నగరంతో పోల్చి పొగిడింది.

చివరి ప్రభువు అమవారి. షురి రాజధానిగా ఏలిన ర్యూక్యూ రాజు షో తైక్యూ కూతుర్ని పెళ్లాడినవాడు. 1458లో పొరుగు కోట నకగుసుకు ప్రభువు గొసమరును మట్టుబెట్టించి, అదే ఏడు షురి సైన్యం చేతిలో తానూ చచ్చాడు. ఆ తరవాత వచ్చిన రాచరిక కథల్లో అతను పచ్చి ద్రోహి. 1719లో ప్రదర్శించిన ‘నిదో తెకియుచి’ నృత్య నాటకంలోనూ ప్రతినాయకుడే. గెలిచినవాళ్లు రాయించిన కథలు కదా. ఉరుమా ప్రాంతపు ప్రజలకు ఆ చిత్రణ నచ్చలేదు. అక్కడి బడిపిల్లలు 2000 నుంచి అమవారిని జనం మెచ్చిన దొరగా చూపిస్తూ ఓ నాటకం ఆడుతున్నారు. కోటకు ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిందీ అదే ఏడాది. ‘ర్యూక్యూ రాజ్యపు గుసుకు స్థలాలు, సంబంధిత కట్టడాలు’ పేరుతో యునెస్కో జాబితాకెక్కిన తొమ్మిదింటిలో కత్సురెన్ ఒకటి.

నాణేల విషయంలో గుర్తుంచుకోవాల్సింది 1458 అన్న అంకె. అమవారితో పాటు కోట దర్జా కూడా పోయింది.

బయటపడిన తీరు

నాణేలు దొరికింది నాలుగో ప్రాకారంలో, అంటే కొండ కింది భాగంలో. ఒక్కోటి ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల అడ్డుకొలత ఉంటుంది. చిలుము తినేసి, అరిగిపోయి, మామూలు కంటికి బొమ్మా బొరుసూ తెలియని స్థితిలో ఉన్నాయి. తవ్వకాల్లో దొరికిన మేకుల వంటి లోహపు సామాను పరిశీలించడానికి వచ్చిన ఒక పరిశోధకుడి కంట ఇవి పడ్డాయి. అమెరికా సైనికులు పారేసుకున్న సెంట్ నాణేలేమో అనుకున్నానని పురావస్తు పరిశోధకుడు మియాగి హిరోకి తరవాత విలేకరులకు చెప్పారు. ఆ అనుమానం అసమంజసమేమీ కాదు. 1945 యుద్ధం తరవాత 1972 దాకా ఒకినావా అమెరికా ఏలుబడిలో ఉంది. ఇప్పటికీ దీవి నిండా అమెరికా సైనిక స్థావరాలే. అక్కడ తట్టెడు మన్ను ఎత్తితే డాలరు చిల్లర రావడం వింత కాదు.

కడిగి చూస్తే సెంట్లు కావని తేలింది. ఎక్స్-రే తీశారు. పైపొర అరిగినా అచ్చు దెబ్బకు నొక్కుకుపోయిన లోహం ఎక్స్-రేలో తేడాగా కనబడుతుంది. ఒకదాని మీద చక్రవర్తి ఒకటవ కాన్‌స్టంటైన్ ముఖం, బొరుసు వైపు బల్లెం పట్టిన సైనికుడు తేలారు. ఒట్టోమన్ నాణెం 1687 నాటిదని నిర్ధారణ అయింది. మిగతా అయిదూ ఎవరివో అప్పటికి తేలలేదు. ఆ ఏడాదే నాణేలను ఉరుమాలోని మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు.

తూర్పు ఆసియాలో ఆ రోజుల్లో చెల్లుబాటైంది చైనా పద్ధతి రాగి నాణెం. గుండ్రంగా ఉండి, నడుమ చదరపు బెజ్జంతో, తాడుకు గుచ్చుకోవడానికి వీలుగా ఉంటుంది. బెజ్జం లేని ఈ పరాయి బిళ్లలతో కత్సురెన్ బజారులో ఎవరూ బేరమాడి ఉండరు. మియాగి అభిప్రాయమూ అదే. ఇవి డబ్బుగా కాక ఆగ్నేయాసియా మీదుగానో, చైనా మీదుగానో చేతులు మారి వచ్చి ఉండవచ్చని ఆయన ఊహ.

అవి ఎలాంటి నాణేలు

కాన్‌స్టంటైన్ 306 నుంచి 337 దాకా ఏలాడు. రోమన్ వెండి నాణెం అప్పటికి నామమాత్రంగా మిగిలింది. 3వ శతాబ్దపు యుద్ధాల్లో చక్రవర్తులు వెండిలో రాగి కలుపుతూ పోయి, చివరికి రాగి బిళ్లకు వెండి పూత పూసే స్థితికి దిగారు. 294 ప్రాంతంలో చక్రవర్తి డయొక్లీషియన్ నాణేల వ్యవస్థను ప్రక్షాళన చేసి, పది గ్రాముల కంచు నాణెం ఒకటి ప్రవేశపెట్టాడు. నలభై ఏళ్లు తిరగకుండానే అది రెండు మూడు గ్రాములకు కుదించుకుపోయింది. ట్రియర్ నుంచి అంతియోక్ దాకా డజనుకు పైగా టంకశాలలు ఈ చిన్న కంచు నాణేలను లక్షల్లో గుద్ది పారేశాయి. బొమ్మ వైపు చక్రవర్తి, బొరుసు వైపు సైనికులు, సూర్యదేవుడు, శిబిర ద్వారం వంటివి, అడుగున టంకశాల గుర్తు. కత్సురెన్‌లో తేలిన బొమ్మా, కొలతా ఈ కోవకు సరిగ్గా సరిపోతాయి.

ఇది కూరగాయలు కొనే చిల్లర. బంగారు ‘సాలిడస్’ అయితే లోహం విలువ కోసమైనా వేల మైళ్లు మోసుకెళ్తారు. ఈ చిల్లర ఎంత విరివిగా ఉండేదో బ్రిటన్ చూపిస్తుంది. 2010లో ఫ్రోమ్ దగ్గర పొలంలో దొరికిన ఒక్క కుండలోనే 52,503 రోమన్ నాణేలు ఉన్నాయి. అవి చాలా భాగం 3వ శతాబ్దపు నాసిరకం నాణేలే. ఈనాటికీ పురాతన నాణేల అంగళ్లలో అతి చవగ్గా దొరికేవి కాన్‌స్టంటైన్ కాలపు కంచు బిళ్లలే. ఈ చవకతనం కత్సురెన్ కథలో చిన్న విషయం కాదు. ఏ కాలంలోనైనా, ఏ యాత్రికుడి జేబులోకైనా అవి సులువుగా చేరగలవు.

ఎప్పుడు, ఎలా చేరాయి

మొదటి వాదం సముద్ర వర్తకానిది. 14, 15 శతాబ్దాల్లో ర్యూక్యూ ఓడలు చైనా, కొరియా, జపాన్‌లతో పాటు సియాం, మలక్కా, పాలెంబాంగ్, జావా రేవులకు వెళ్లేవి. ఆ వర్తకపు ఉత్తరప్రత్యుత్తరాలు 1424 నుంచీ ‘రెకిదై హోఆన్’ అనే రాజ్యపు దస్తావేజుల సంపుటాల్లో భద్రంగా ఉన్నాయి. మిరియాలు, ఎర్ర రంగు తీసే వకాను కర్ర కొనుక్కుని, చైనా సరుకు అమ్మేవారు. మలక్కాలో వాళ్లు మన కోరమాండల్ తీరపు బట్టల వర్తకులతో ఒకే రేవులో మసిలారు. పోర్చుగీసు అధికారి టొమె పిరెస్ 16వ శతాబ్దం తొలినాళ్లలో మలక్కా వర్తకుల గురించి రాస్తూ ఈ రెండు జాతులనూ ప్రస్తావించాడు.

చివరి కాలపు రోమన్ రాగి నాణేలు హిందూ మహాసముద్రం దాటి వచ్చిన మాట కూడా నిజమే. శ్రీలంకలో అవి వేలల్లో దొరికాయి. తమిళనాట మధురై, కరూరు ప్రాంతాల్లోనూ దొరికాయి. అసలు నాణేలు చాలక స్థానికంగా నకళ్లు కూడా అచ్చేసుకున్నారు. ఇంకా తూర్పున, థాయ్‌లాండ్‌లోని ఊ థోంగ్‌లో 269-271 మధ్య గాల్ ప్రాంతాన్ని ఏలిన విక్టోరినస్ రాగి నాణెం ఒకటి దొరికింది. వియత్నాంలో ఓక్ ఎఓ తవ్వకాల్లో 1944లో లూయీ మల్లెరె అంటొనినస్ పయస్, మార్కస్ ఆరేలియస్‌ల పేరున్న బంగారు పతకాలు కనుగొన్నాడు. జపాన్‌లోనే నారా ప్రాంతపు నీజావా సమాధి దిబ్బల్లో దొరికిన నీలి గాజు పళ్లెం రోమన్ గాజుతో చేసిందని 2014లో రసాయన పరీక్షలు తేల్చాయి. ఆ సమాధి 5వ శతాబ్దానిది. రోమ్ సరుకు చేతులు మారుతూ జపాన్ చేరిందనడానికి గట్టి ఆధారం ఆ గాజు పళ్లెం. ముద్ర చెడకుండా ఉన్న పాత సమాధిలో దొరికింది కాబట్టే దానికి ఆ బలం.

కత్సురెన్ నాణేలకు లేనిది అదే. వర్తక వాదానికి అడ్డు తగిలేది ఆ పదింటిలోని అయిదోది, అంటే ఒట్టోమన్ నాణెం. ఒట్టోమన్ నాణేల మీద సాధారణంగా వేసేది సుల్తాను గద్దెనెక్కిన సంవత్సరం. 1687లో గద్దెనెక్కింది రెండవ సులేమాన్. కాబట్టి ఆ నాణెం అప్పటికంటే ముందుది కాదు. అంటే అమవారి చనిపోయిన తరవాత కనీసం 229 ఏళ్లకు గానీ అది కోటలో పడలేదు. అప్పటికి ర్యూక్యూ రాజ్యం 1609 దండయాత్రతో జపాన్‌లోని సత్సుమా సామంతుల చెప్పుచేతల్లోకి వెళ్లి డెబ్బై ఎనిమిదేళ్లయింది. మలక్కా వెళ్లే ఓడలు ఎప్పుడో ఆగిపోయాయి.

పదీ ఒకే మూటగా వచ్చాయా, వేర్వేరుగా వచ్చాయా అన్నది అసలు ప్రశ్న. రోమన్ కంచు, తుర్కుల రాగి రెండూ కలిసి దొరికే నేల తూర్పు మధ్యధరా తీరం. అక్కడ నాగలి కింద కాన్‌స్టంటైన్ బిళ్లలు నిత్యం తేలుతుంటాయి. తుర్కుల చిల్లరా అక్కడిదే. అటు తిరిగిన నావికుడో, మతప్రచారకుడో, సైనికుడో, నాణేల సరదా ఉన్న మరెవరో రెండింటినీ ఒకే సంచీలో వేసుకుని వచ్చాడనుకుంటే లెక్క సులువుగా కుదురుతుంది. నాలుగు రోమన్ నాణేలు 15వ శతాబ్దంలో మలక్కా నుంచి, తుర్కు నాణెం మూడు వందల ఏళ్లకు మరో దారిన, రెండూ ఒకే కోట ఒకే ప్రాకారంలోకి వచ్చి చేరాయనాలంటే రెండు యాదృచ్ఛికాలను నమ్మాలి. ఈ వ్యాస రచయితకు ఒకే సంచీలో వచ్చాయన్న వాదమే సబబుగా తోస్తుంది. వర్తక వాదం అసాధ్యమని కాదు, ఆ భారం మోయడానికి ఈ నాలుగు బిళ్లల బలం చాలదని.

గుహలు

కత్సురెన్ కోటలో రెండో ప్రాకారంలో ఉషినుజి గామా అనే గుహ ఉంది. గామా అంటే అక్కడి మాటలో సున్నపురాతి గుహ. ఆపద వేళ దాక్కోవడానికి వాడేవారనీ, లోపలి నుంచి పై ప్రాకారంలోని పవిత్ర శిల దాకా దారి ఉందనీ స్థానికుల చెప్పుకోలు. మన కొండకోటలకు చెప్పే సొరంగాల కథల కుటుంబమే ఇది. నాణేలు మాత్రం ఈ గుహలో దొరకలేదు. దొరికి ఉంటే వాటి చరిత్ర వేరేగా చదవాల్సి వచ్చేది. కోట ఆవరణ నలుగురూ తొక్కే చోటు. వాన కోస్తుంది, గోడ కూలుతుంది, తరవాతివాళ్లు తవ్వి పూడుస్తారు, పై పొరది కిందికి జారుతుంది. గుహలో పెట్టింది చాలాసార్లు పెట్టిన చోటే ఉండిపోతుంది.

బ్రిటన్‌లో రెండు గుహలు దీనికి మంచి సాక్ష్యాలు. ఇంగ్లండ్‌లో డవ్‌డేల్ లోయ రెనార్డ్ గుహలో, వానకు తలదాచుకోవడానికి దూరిన ఒక స్థానికుడికి కొన్ని నాణేలు కనిపించాయి. ఆ తరవాత జరిగిన తవ్వకాలతో కలిపి లెక్క 26కు చేరింది. వాటిలో 20 కొరియెల్టావి అనే బ్రిటన్ తెగవారి బంగారు, వెండి నాణేలు. మూడు రోమన్ నాణేలు క్రీ.శ. 43 నాటి రోమన్ దండయాత్రకు ముందువి. బ్రిటన్ తెగ సొమ్మూ రోమ్ సొమ్మూ ఒకే గుహలో కలిసి ఉండటం వల్ల, రోమన్ సైన్యం అడుగుపెట్టక ముందే రోమన్ డబ్బు ఆ తెగ చేతికి చేరిందని ధైర్యంగా చెప్పవచ్చు. కత్సురెన్‌లో చెప్పలేనిది ఇదే.

స్కాట్లండ్ ఈశాన్య తీరాన, సామ్రాజ్యపు సరిహద్దుకు ఎంతో ఆవల, కోవ్సీ గ్రామం దగ్గర సముద్రపు కొండచరియలో ‘శిల్పుల గుహ’ ఉంది. పోటు వేళ అక్కడికి నడిచి వెళ్లడం కుదరదు. 1928-30 మధ్య సిల్వియా బెంటన్ తవ్వినప్పుడు 4వ శతాబ్దపు రోమన్ నాణేలు, వాటి నకళ్లు రెండు వందలకు పైగా వచ్చాయి. కొన్నిటికి గుచ్చుకోవడానికి బెజ్జాలు పెట్టి ఉన్నాయి. అదే గుహలో తల నరికిన గుర్తులున్న మెడ ఎముకలూ దొరికాయి. డబ్బు అవసరమే లేని సమాజంలో రోమన్ నాణెం నగగా, మొక్కుబడిగా మారిన చోటు అది.

కోట, గుహ రెండూ ఒకే రాతి మీద ఉన్న ఉదాహరణ వేల్స్‌లోని కారెగ్ కెన్నెన్. సున్నపురాతి శిఖరం మీద 13వ శతాబ్దపు కోట, దాని కడుపులోకి రాతి కప్పు వేసిన నడవ గుండా దిగే గుహ. గుహలో ప్రాచీన మానవుల అస్థిపంజరాలు, ఆ స్థలంలో 1, 2 శతాబ్దాల రోమన్ నాణేలు దొరికాయి. ఇక్కడ ఎవరూ విస్తుపోలేదు. కొద్ది మైళ్ల దూరంలోనే లాండైలో దగ్గర రోమన్ సైనిక శిబిరాలుండేవి. నాణెం కోటకంటే వెయ్యేళ్లు పెద్దదైనా, అది రావాల్సిన దూరం ఒక పూట నడక.

తెలుగు నేల మీద రోమన్ నాణేలు

రోమన్ నాణేల విషయంలో తెలుగువారు ఒకినావా వైపు ఆశ్చర్యంగా చూడాల్సిన పని లేదు. ఇక్కడ అవి లంకెబిందెల్లోనే దొరికాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోట 1,531 వెండి దెనారియస్‌లు బయటపడ్డాయి. అవి ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల నాటివి. వాటిలో చాలావాటి మీద స్థానిక వర్తకులో షరాబులో కొట్టిన చిన్న చిన్న ముద్రలున్నాయి. వినుకొండలో టైబీరియస్ నుంచి కారకల్లా దాకా వివిధ చక్రవర్తుల బంగారు నాణేలు 15 దొరికాయి. దక్షిణాదిలో దొరికిన బంగారు నాణేలు చాలావాటికి చక్రవర్తి ముఖం మీద అడ్డంగా ఉలి గాటు ఉంటుంది. పుదుక్కోట్టైలో 1898లో దొరికిన 501 బంగారు నాణేల్లో అత్యధిక భాగానికి ఆ గాటు ఉంది. రోమ్ రాజు బొమ్మ ఇక్కడ చెల్లదు, లోహమే చెల్లుతుంది అని తేల్చడానికి పెట్టిన గాటు అని ఎక్కువమంది పండితుల భావన. రోజువారీ బేరాలకు శాతవాహనుల సీసపు, రాగి నాణేలు ఎలాగూ ఉన్నాయి. కొన్ని రోమన్ కాసులకు కొక్కేలు వేయించి మెడలో వేసుకున్నారు. బంగారం కొనలేనివాళ్ల కోసం కాబోలు, వాటి అచ్చు దించి మట్టి పతకాలు కూడా చేశారు. మెదక్ ప్రాంతపు కొండాపూర్ తవ్వకాల్లో అలాంటివి వచ్చాయి.

ఇక్కడి వర్తకం గురించి అనుమానం లేకపోవడానికి కారణం నాణేల సంఖ్య ఒక్కటే కాదు. నాణేలతో పాటు రోమన్ మద్యపు కూజాల పెంకులు అరికమేడు వంటి రేవుల్లో వచ్చాయి. గ్రీకు నావికుడు రాసిన ‘పెరిప్లస్’ మన రేవుల పేర్లు చెబుతుంది. భారత్, చైనా, అరేబియాలు ఏటా పది కోట్ల సెస్టర్సులు లాగేసుకుంటున్నాయని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. నేల, సరుకు, రాత మూడూ ఒకే మాట చెబుతున్నాయి. కత్సురెన్‌లో ఉన్నది నాణేలు మాత్రమే.

అలాగని మన దగ్గర అంతా భద్రంగా ఉందనుకోవడానికి లేదు. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం అడ్డు తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ముంత, ముంత నిండా 2వ శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు. అతను వాటిని పాత బంగారం కింద అమ్ముకున్నాడు. చాలా భాగం కంసాలి కుంపట్లో కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు కబురు తెలిసి ముప్ఫై దాకా కాపాడగలిగాడు. కరగకుండా మిగిలిన కొన్నింటిని మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్సన్ చూసి రాసిన లేఖ ‘ఏషియాటిక్ రీసెర్చెస్’లో అచ్చయింది కాబట్టి ఈ మాత్రమైనా తెలిసింది. గుడి ఏ దేవుడిదో, ముంత ఏ పొరలో ఉందో, మొత్తం ఎన్ని నాణేలో చెప్పగలిగినవన్నీ ఆ కుంపటితోనే పోయాయి.

పొలంలోనో పునాదిలోనో పాత నాణెం బయటపడితే చింతపండు పెట్టి తోమవద్దు, కంసాలికి చూపించవద్దు. దొరికిన చోటును, లోతును రాసిపెట్టి, పక్కన పెంకులేవైనా ఉంటే కదపకుండా వదిలి, రెవెన్యూ అధికారులకు కబురు చేయండి. పది రూపాయల విలువ మించిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది.